లోపలి బడి: మీ ఉత్తరాలు, మాస్టారి జవాబులు

పోయిన నెల ఏదో జవాబులో మాటవరసకి "నేను పదకొండేళ్ళు దిద్దుబాటు కేంద్రం (కేసుల్లో పడ్డ పిల్లల్ని ఉంచే చోటు) లోపలున్న బడిలో పాఠాలు చెప్పా" అని రాసేశా, అంతే, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. ఏ ఊరు, ఏ కేంద్రం అని అడిగినవాళ్ళకి మాత్రం జవాబు లేదు, ఏమనుకోకండి. ఊరు పేరు చెప్తే అక్కడ చదివిన పిల్లల్ని ఆరా తీయడం తేలికైపోతుంది. మిగతావాటిలో ఓపికున్నంతవరకు చెప్తా.

ప్రశ్న: మాస్టారూ నమస్తే. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలుండే కరెక్షనల్ సెంటర్ లోపల చిన్న బడిలో నాకు ఉద్యోగం వచ్చింది. ముప్పై మంది లోపే పిల్లలు, నలుగురం టీచర్లం. ఇంట్లో అందరూ వద్దంటున్నారు. నాకు భయం లేదని కాదు గానీ అంతకన్నా పాఠం ఎక్కడ మొదలెట్టాలో తెలియకపోవడమే ఎక్కువ కంగారుగా ఉంది. మీరు మొదటిరోజు ఏం చేశారు?
- ఒక కొత్త టీచర్

జవాబు: మొదటిరోజు నేను పెన్సిళ్ళు లెక్కపెట్టా తల్లీ. పన్నెండు ఇచ్చి పదకొండే వెనక్కి తీసుకున్నా, ఒకటి తగ్గింది, ఇక క్లాసులో ఎవర్నీ కదలనివ్వలేదు, గార్డులొచ్చి ఒక్కొక్కణ్ణీ నిలబెట్టి జేబులు వెతికారు, ముప్పావుగంట పోయింది, చివరికి ఆ పెన్సిల్ ఎక్కడుందయ్యా అంటే నా చొక్కా జేబులో ఉంది. నేల చీలి లోపలికి పోతే బావుండనిపించింది. ఒక పిల్లాడు నవ్వి "పర్లేదు సార్, మొదటిరోజు మాక్కూడా ఏం అర్థం కాదు" అన్నాడు, ఆ మాటతోనే నాకు అక్కడ ఉద్యోగం మొదలైందనుకో.

లోపల ప్రతి వస్తువుకీ లెక్కుంటుంది. కత్తెర తగిలించే బోర్డు మీద కత్తెర ఆకారం గీసి ఉంటుంది, వస్తువు లేకపోతే ఖాళీ ఆకారం దూరం నుంచే కనిపించాలని. స్పైరల్ నోట్‌బుక్కులుండవు, స్టేపుల్ పిన్నులుండవు. దీనికి విసుక్కుంటే నీకే నష్టం, పిరియడ్ మొదట్లో అయిదు నిమిషాలు చివర్లో అయిదు నిమిషాలు లెక్కకే అని టైంటేబుల్‌లో రాసేసుకో, మిగిలిందే పాఠం. ఆ మిగిలిందాంట్లో కూడా హెడ్‌కౌంట్ తేడా వచ్చిందని మొత్తం ఆపేస్తారు, ఒకడికి కోర్టు వాయిదా, ఒకడికి లాయరొచ్చాడు, ఒకడికి పంటినొప్పి. పొద్దున భిన్నాలు మొదలెట్టినవాడు మధ్యాహ్నానికి ఇంకో కేంద్రానికి వెళ్ళిపోయి ఉంటాడు, నీకు చెప్పరు కూడా, ఖాళీ బెంచీ చూసి నువ్వే తెలుసుకోవాలి. అది మాత్రం నాకు చివరిదాకా అలవాటు కాలేదు.

అందుకని ఏ రోజు పాఠం ఆ రోజే ముగిసిపోవాలి. "రేపు చూద్దాం" అనే మాట మీద ఏదీ కట్టకు. అమెరికాలో వాషింగ్టన్ డీసీ పిల్లల కోసం నడిచిన మాయా ఏంజెలో అకాడమీ అని ఒక బడి ఉంది, డేవిడ్ డొమెనిచి, జేమ్స్ ఫోర్మన్ జూనియర్ అనే ఇద్దరు పెట్టిన సంస్థ 2007లో ఓక్ హిల్ అనే పాత కేంద్రంలోని బడిని చేతికి తీసుకుంది, అప్పటికి ఆ కేంద్రం మీద ఏళ్ళ తరబడి కోర్టు కేసు నడుస్తోంది. వాళ్ళు చేసిన తెలివైన పని ఏంటంటే ఏడాది సిలబస్‌ని నెల నెలకీ సరిపోయే ముక్కలుగా కోసేశారు, ఒక్కో ముక్కకి ఒక్కో విషయం. ఎప్పుడొచ్చినవాడైనా మహా అయితే కొన్ని వారాలాగితే కొత్త ముక్క మొదట్నుంచి అందుకుంటాడు, వెళ్ళిపోయేవాడికి కనీసం పూర్తిచేసిన ముక్కలు లెక్కలోకొస్తాయి. మేం అది ఇంకా చిన్నగా చేసుకున్నాం, వారానికొక ముక్క. మా పిల్లలు అంతకన్నా ఎక్కువ రోజులు ఉంటారన్న గ్యారంటీ లేక.

ఇక అసలు కష్టం. పదహారేళ్ళవాడు, మీసాలొచ్చాయి, చదవడం చూస్తే రెండో తరగతి దగ్గర ఆగిపోయింది. వాడికి కుందేలు తాబేలు బొమ్మల పుస్తకం ఇచ్చావనుకో, విసిరికొడతాడు, నన్నడిగితే వాడిదే కరెక్టు. విషయం వాడి వయసుకి తగ్గది కావాలి, వాక్యాలు మాత్రం పొట్టిగా ఉండాలి. నేను బైక్ ఇంజన్ ఎలా పనిచేస్తుందో నాలుగు నాలుగు మాటల వాక్యాల్లో నేనే రాసుకుని తీసుకెళ్ళేవాణ్ణి. కార్బొరేటర్ అనే మాట కూడబలుక్కుని చదివినవాడు "తోట" అనే మాట దగ్గర సిగ్గుపడడు. ఇంకో సంగతి, "చదువు, గట్టిగా చదువు" అని అందరి ముందు ఒక్కణ్ణీ లేపకు. చదవడం రాదని పదిమందిలో బయటపడటం కన్నా బెంచీ తన్ని బయటికి పోవడం వాడికి గౌరవంగా ఉంటుంది, అలా తన్నిన బెంచీలు నేను చాలా చూశా.

వచ్చిన రోజే ఏ తరగతో తేల్చడానికి పరీక్ష పెట్టమంటారు, పై నుంచి ఫారం వస్తుంది. వీలైతే వారం ఆపు. ముందు రాత్రి నిద్రపోనివాడు, ఇల్లు ఏమైందో తెలియనివాడు రాసిన పేపర్ చూసి వాడికేం వచ్చో ఎలా చెప్తాం, ఆ పేపర్ మాత్రం ఫైల్లో వాడితోపాటు ఏళ్ళు తిరుగుతుంది.

కేసు ఫైలు చదవకు. చదివే వీలున్నా చదవకు. భద్రత కోసం నీకు తెలియాల్సింది ఏదన్నా ఉంటే (ఫలానా ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టొద్దు లాంటివి) వాళ్ళే చెప్తారు. నేను ఒకే ఒక్కసారి చదివా, ఆ తర్వాత ఆ పిల్లాడి నోట్‌బుక్ దిద్దుతుంటే నా చెయ్యి తేడాగా కదిలింది, అది వాడికి తెలిసిపోయింది కూడా.

"సార్, ఈ చీటీ మా అక్కకి ఇవ్వరా" అంటారు. చిన్నదే, పాపం అనిపిస్తుంది. వద్దు. ఒకటిస్తే రెండోది చీటీ కాదు. అందరికీ ఒకటే జవాబు, నవ్వుతూ చెప్పొచ్చు. అలాగే "నువ్వెళ్ళేలోపు ఈ పుస్తకం పూర్తిచేద్దాం" లాంటి మాటలివ్వకు, వాడు ఎప్పుడెళ్తాడో నీ చేతుల్లో లేదు కదా.

భయం అన్నావు. అలారం బటన్ ఎక్కడుందో, తలుపు ఎటు తెరుచుకుంటుందో మొదటిరోజే చూసుకో, చూసుకున్నాక దాని గురించి మర్చిపో. ఇంట్లోవాళ్ళకి ఏం చెప్పాలో నాకు తెలీదు, మా ఇంట్లో ఇప్పటికీ ఒప్పుకోలేదు.

ప్రశ్న: మాస్టారు గారికి, నేను చదువుకున్నదాన్ని కాదు, మా పక్కింటమ్మాయితో రాయిస్తున్నా. మా వాడు పదో తరగతి సగంలో ఉండగా లోపలికెళ్ళాడు. అక్కడ బడి ఉందంట, రోజూ వెళ్తున్నాడంట. వాడికిచ్చే సర్టిఫికెట్ మీద జైలు పేరు ఉంటుందా? బయటికొచ్చాక మళ్ళీ ఏ బడైనా చేర్చుకుంటుందా?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట. పేరు ఉండకూడదు. ఇది నేను ధైర్యం కోసం చెప్తున్నది కాదు, 1990లో ఐక్యరాజ్యసమితి పెట్టిన నియమాలున్నాయి, హవానా నియమాలు అంటారు, నిర్బంధంలో ఉన్న పిల్లల గురించి. అందులో 40వది ఇదే, లోపలున్నప్పుడు ఇచ్చే సర్టిఫికెట్ మీద ఆ పిల్లాడు నిర్బంధంలో ఉన్నాడని ఏ రకంగానూ తెలియకూడదు అని. అవి చట్టంలా అన్నిచోట్లా నేరుగా నడవవు, నిజమే, కానీ మీరు ఆఫీసులో అడిగేటప్పుడు "అలా ఉండకూడదని నియమం ఉంది కదండీ" అని అడగొచ్చు. పక్కింటమ్మాయిని ఆ 40 నంబరు ఒక కాగితం మీద రాసిమ్మనండి.

కానీ అమ్మా, నన్నడిగితే సర్టిఫికెట్ మీద పేరు కన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది, అది పాత బడి కాగితాలు. నేను చూసిన పిల్లల్లో చదువు పోగొట్టుకున్నవాళ్ళు ఎక్కువమంది తెలివిలేక పోగొట్టుకోలేదు, కాగితాల మధ్యలో పోగొట్టుకున్నారు. ఒకబ్బాయి ఉండేవాడు, పేరు చెప్పను, పాత బడి రికార్డులు పంపడానికి నాలుగు నెలలు పట్టింది, ఈలోపు మేం వాడికి తెలిసిన పాఠాలే మళ్ళీ చెప్పాం ఎందుకంటే ఏం పూర్తిచేశాడో మా దగ్గర కాగితం లేదు. రికార్డులొచ్చిన వారానికి వాడు విడుదలయ్యాడు. బయట బడి వాళ్ళు, లోపల చదివిన ఆర్నెల్లకి లెక్క చూపించండి అన్నారట, మా ఆఫీసు అది పంపడానికి ఇంకో రెండు నెలలు చేసింది. వాడు అప్పటికే పనిలోకెళ్ళిపోయాడు. అందులో తప్పు మాది కూడా ఉంది, నేను ఫోన్ చేసి ఊరుకున్నా, వెళ్ళి కూర్చోవాల్సింది.

కాబట్టి మీరేం చేయాలంటే, పాత బడికి మీరే వెళ్ళి మార్కుల లిస్టులు, ఏ తరగతి ఎంతవరకు చదివాడన్న కాగితం తీసుకుని జిరాక్సులు తీయించి లోపలి బడి వాళ్ళకి ఒక సెట్టు ఇవ్వండి, వాళ్ళే తెప్పించుకుంటారని ఆగొద్దు. మీవాడికి చదవడంలోగానీ వినడంలోగానీ ఏదన్నా ఇబ్బంది ఉండి ఇంతకుముందు డాక్టరు కాగితం రాసి ఉంటే అదీ ఇవ్వండి, అది లేకపోతే వాడు మొండికేస్తున్నాడనుకుంటారు. తర్వాత మీరు చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా ఒకటే అడగండి, ఇప్పటిదాకా ఏమేం పూర్తిచేశాడో రాసివ్వండి అని. వాడి విడుదల తేదీ తెలిసిన రోజే బయట బడితో మాట్లాడటం మొదలెట్టాలి, వచ్చాక చూద్దాం అనుకుంటే సెలవలో పరీక్షలో ఏదో ఒకటి అడ్డొస్తుంది.

వాడు రోజూ బడికెళ్తున్నాడన్నారు చూడండి, అది వాడు మీకు చెప్పాడంటే చిన్న విషయం కాదమ్మా. ఈసారి వెళ్ళినప్పుడు కేసు సంగతి కాసేపు పక్కనపెట్టి ఇవాళ ఏం పాఠం చెప్పారని అడగండి.

ప్రశ్న: సూటిగా అడుగుతున్నా. మా పిల్లల బడిలో అరవై మందికి ఒక టీచరు, లెక్కల మాస్టారు లేక ఏడాదయింది. తప్పు చేసి లోపలికెళ్ళినోళ్ళకి ఎనిమిది మందికో టీచరా? ఇదెక్కడి న్యాయం సార్?
- ఒక తండ్రి

జవాబు: మీ కోపం నాకు అర్థమైంది, అరవై మందికి ఒక టీచరు ఉండటం అన్యాయమే. కానీ ఆ ఎనిమిది మంది దగ్గర టీచర్ని లాక్కుంటే మీ బడికి రాడు సార్, ఆ లెక్క ఎప్పుడూ అలా తేలదు.

డబ్బు లెక్కే కావాలంటే 2013లో అమెరికాలో రాండ్ కార్పొరేషన్ అనే పరిశోధన సంస్థ వాళ్ళు ముప్పై ఏళ్ళ అధ్యయనాలన్నీ పోగేసి చూశారు. జైల్లో చదువు కార్యక్రమాల్లో ఉన్నవాళ్ళు మళ్ళీ జైలుకొచ్చే అవకాశం, చదవనివాళ్ళతో పోలిస్తే 43 శాతం తక్కువ అని తేలింది, చదువు మీద పెట్టే ఒక్కో డాలరుకి తర్వాత మూడేళ్ళలో జైలు ఖర్చు నాలుగైదు డాలర్లు మిగులుతుందని అంచనా వేశారు. అందరూ ఈ 43 చెప్పి ఊరుకుంటారు, నేను రెండు మాటలు కలుపుతా. ఒకటి, అది పెద్దవాళ్ళ జైళ్ళ లెక్క. రెండు, చదువుకుందాం అని ముందుకొచ్చినవాడు అప్పటికే కొంచెం మారాలనుకున్నవాడయి ఉండొచ్చు, కాబట్టి మొత్తం గొప్ప చదువుదే అనలేం. అయినా సరే, ఆ అంకె సగానికి తగ్గించుకున్నా ఖర్చు గిట్టుబాటే.

అసలు మీ ప్రశ్నలో నాకు గుచ్చుకున్నది వేరే. మా పిల్లల్లో చాలామంది మీరు చెప్పిన అలాంటి అరవై మంది క్లాసులోంచే వచ్చారు, వెనక బెంచీలోంచి, రెండో తరగతిలో అక్షరాలు తప్పిపోతే ఎవరూ చూసుకోని చోటు నుంచి. మీరు, నేను ఒకటే తిడుతున్నాం, వేరే వేరే గేట్ల దగ్గర నిలబడి.

ప్రశ్న: నేను ఇలాంటి కేంద్రంలోనే సెక్యూరిటీ స్టాఫ్. గొడవ చేసినవాణ్ణి వారం పాటు బడికి పంపకపోవడం మా దగ్గర పద్ధతి. టీచర్లు దీని మీద రోజూ మాతో తగువు. క్రమశిక్షణ లేకుండా ఎలా సార్? ఆరుగురు కొట్టుకుంటుంటే మధ్యలో దూరేది మేం కదా, టీచర్లు కాదు.
- పేరు వద్దు

జవాబు: మధ్యలో దూరేది మీరే, ఒప్పుకుంటా, నాకోసం ఒకసారి దూరి భుజం జారిన మనిషి నాకు తెలుసు.

కానీ తమ్ముడూ, ఒకటి గమనించావా, మీ దగ్గర బుధవారమో గురువారమో ఒకే పిరియడ్ ముందు గొడవలు ఎక్కువవుతాయి, అదెందుకో ఎప్పుడన్నా చూశావా? మా దగ్గర లెక్కల టెస్టు ఉన్న రోజు పొద్దున్నే టిఫిన్ లైన్లో తోపులాట. ఎప్పుడూ ఆ నలుగురే. నాకు తెలియడానికి రెండేళ్ళు పట్టింది, వాళ్ళకి చదవడం రాదు, క్లాసులో కూర్చోవడం వాళ్ళకి నరకం, తోసుకుంటే మీరు వారం బడి మానిపిస్తారు. అంటే మీరు శిక్ష అనుకుంటున్నది వాళ్ళకి బహుమతి. వాడు రేటు తెలుసుకున్నాడు, ఒక తోపుకి ఏడు రోజులు. ఇక రెండో రకం పిల్లాడు, చదువు మీద అప్పుడప్పుడే ఆశ పుట్టినవాడు, వాడికి మాత్రం ఇది నిజంగా శిక్షే, కానీ ఆ వారం చదువు పోగొట్టుకున్నందువల్ల వాడికి క్రమశిక్షణేం రాదు. రెండు రకాలుగా చూసినా నష్టమే.

అందుకే నేను అనేది, గొడవకి శిక్ష ఏదైనా పెట్టండి, ఆట టైమ్ తగ్గించండి, టీవీ కట్ చేయండి, బడిని మాత్రం ఆ జాబితాలోంచి తీసేయండి. బడి మందులాంటిది, అల్లరి చేశాడని మందు ఆపం కదా. ఆ రోజు అందరితో కూర్చోబెట్టడం కుదరకపోతే పాఠాన్నే వాడి దగ్గరికి పంపండి, ఒక టీచరు ఇరవై నిమిషాలు, తలుపు దగ్గర మీరు. పిల్లల్ని ఒంటరి గదిలో మూసేయడాన్ని హవానా నియమాల్లో 67వది సూటిగా నిషేధించింది, అది మీ ఇంచార్జికి తెలుసో లేదో గానీ చూపించు.

ఇది తలకిందులుగా చేసిన దేశం కూడా ఉంది. బ్రెజిల్‌లో 2011 నుంచి చట్టం ఉంది, ఖైదీ 12 గంటలు చదువుకుంటే శిక్షలో ఒక రోజు తగ్గుతుంది. పుస్తకం చదివి దాని మీద రాసి చూపించినా నాలుగు రోజులు తగ్గించే పద్ధతి తర్వాత పెట్టారు, ఏడాదికి 12 పుస్తకాల వరకు. నాకు అది పూర్తిగా నచ్చిందని చెప్పను, రోజుల కోసం చదివే చదువు ఎంత నిలుస్తుందో అని అనుమానం, కానీ శిక్షగా చదువుని తీసేయడం కన్నా, శిక్ష తగ్గడాన్ని చదువుతో కలపడం నయం.

నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడిన మనిషి ఒక గార్డు. వెనక కుర్చీలో కూర్చుని కాపలా కాస్తూ కాస్తూ ఒకరోజు బోర్డు మీద లెక్క తనూ చేసి తప్పు చేశాడు, పిల్లలు పట్టుకున్నారు, ఆయన సిగ్గుపడకుండా మళ్ళీ చేశాడు. ఆ తర్వాత ఆ క్లాసులో గొడవలు ఎంత తగ్గాయో నీకు చెప్తే నమ్మవు.

ప్రశ్న: ఇంటర్నెట్ లేకుండా ఈ రోజుల్లో చదువేంటండీ?
- ఇంజనీరింగ్ స్టూడెంట్

జవాబు: ఆఫ్‌లైన్ ట్యాబులు, ముందే లోడ్ చేసి తెచ్చిన పాఠాలు, లేదా టీచరు ఇంటి దగ్గర ప్రింట్ తీసుకొచ్చిన కాగితాలు. కష్టమే, నేను లేదనను. కానీ 2015లో న్యూయార్క్ రాష్ట్రంలో ఈస్టర్న్ కరెక్షనల్ ఫెసిలిటీ అనే జైల్లో బార్డ్ కాలేజీ తరఫున చదువుతున్న ఖైదీలు హార్వర్డ్ డిబేట్ జట్టుని ఓడించారు. వాళ్ళకి ఇంటర్నెట్ లేదు, కావాల్సిన పుస్తకం, వ్యాసం అడిగితే జైలు వాళ్ళు ఒప్పుకుని చేతికిచ్చేసరికి వారాలు పట్టేది. పైగా వాళ్ళకిచ్చిన వాదన వాళ్ళు నమ్మనిది. నీకు నెట్ స్లోగా ఉందని కాదు కదా ఈ ప్రశ్న?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ వాళ్ళం కలిసి రెండొందల పుస్తకాలు పోగేశాం, అలాంటి బడికి ఇద్దామని. ఎలా పంపాలి?
- ఒక గృహిణి

జవాబు: పంపకముందు అడగండి, అదే ముఖ్యం. గట్టి అట్టలున్న పుస్తకాలు చాలాచోట్ల తీసుకోరు, అట్ట లోపల ఏదన్నా దాచొచ్చని. స్పైరల్ బైండింగ్ అసలు వద్దు. లోపల పేర్లు, ఫోన్ నంబర్లు, పాత ఉత్తరాలు ఉన్నాయేమో ఒక్కోటీ తిప్పి చూడండి. ఇంకోటి, దయచేసి నీతికథలు తగ్గించండి తల్లీ, మా అల్మారాలో నాలుగు వరసలు అవే, ఎవరూ ముట్టుకోలేదు. అట్లాసు పెడితే మాత్రం రెండు వారాల్లో చిరిగిపోయింది, అంతగా తిప్పారు. నిఘంటువు కూడా పెట్టండి, ఉత్తరాలు రాసుకునేటప్పుడు కావాలంటారు.

ప్రశ్న: ఖైదీలే ఖైదీలకి చదువు చెప్పడం జరిగే పనేనా సార్, లేక సినిమాల్లోనేనా?
- ఒక పాఠకుడు

జవాబు: జరిగే పనే, రెండొందల ఏళ్ళ కిందే జరిగింది. లండన్ న్యూగేట్ జైల్లో ఆడవాళ్ళతోపాటు వాళ్ళ పిల్లలు కూడా ఉండేవాళ్ళు, 1817 ప్రాంతంలో ఎలిజబెత్ ఫ్రై అనే ఆవిడ ఆ పిల్లల కోసం ఒక ఖాళీ గదిలో బడి పెట్టించింది, టీచరు ఎవరంటే గడియారం దొంగతనం కేసులో లోపలున్న ఒక అమ్మాయి, ఖైదీలే ఎన్నుకున్నారు. దక్షిణాఫ్రికాలో రాబెన్ ఐలాండ్‌లో మండేలా వాళ్ళు సున్నపురాయి క్వారీలో పని చేస్తూనే ఒకరికొకరు పాఠాలు చెప్పుకునేవాళ్ళు, దాన్ని యూనివర్సిటీ అనే పిలుచుకున్నారు. ఇప్పుడు బ్రిటన్ జైళ్ళలో షానన్ ట్రస్ట్ అనే సంస్థ చదవడం వచ్చిన ఖైదీకి శిక్షణిచ్చి రానివాడి పక్కన కూర్చోబెడుతుంది, రోజుకి ఇరవై నిమిషాలు, ఒకరికి ఒకరే.

ఇది పనిచేయడానికి కారణం పెద్దదేం కాదు. నా ముందు "రాదు" అని చెప్పలేనివాడు పక్క మంచం వాడి ముందు చెప్పగలడు. కాకపోతే ఒక జాగ్రత్త, నేర్పేవాడు దాన్ని అధికారంగా వాడుకోకుండా చూడాలి, లోపల ఉత్తరం చదివిపెట్టడం కూడా ఒక బాకీ అయిపోతుంది, నేను చూశా.

ప్రశ్న: మాస్టారూ, నాకు పందొమ్మిది. లోపలున్నప్పుడు బాగా చదివా, రెండు సబ్జెక్టులు పాసయ్యా, టీచర్లు మెచ్చుకున్నారు. బయటికొచ్చి మూడు నెలలు కాకముందే మానేశా. లోపల చదివినోణ్ణి బయట ఎందుకు చదవలేకపోతున్నా? నామీద నాకే అసహ్యంగా ఉంది.
- మీ పాఠకుడు

జవాబు: బాబూ, నీలాంటి ఉత్తరం నాకు ఇదే మొదటిది కాదు. లోపల ఎన్నింటికి లేవాలో వేరేవాళ్ళు చెప్పారు, క్లాసుకి వేరేవాళ్ళు నడిపించుకెళ్ళారు, ఫోన్ లేదు, స్నేహితుల్లేరు, అప్పు అడిగేవాళ్ళు లేరు, చదవకపోతే చేయడానికి ఇంకేం లేదు. చదివింది నువ్వే, అది ఎవరూ తీసేయలేరు, కానీ చదువు చుట్టూ ఉన్న గోడలు మాత్రం నువ్వు కట్టినవి కావు. బయటికొచ్చాక గోడలు పోయాయి, వాటితోపాటు టైంటేబుల్ కూడా పోయింది. దీనికి నిన్ను నువ్వు అసహ్యించుకోవడం దేనికి, బడి వాళ్ళం మేం ఆలోచించాల్సింది అది. గేటు దాకా తీసుకొచ్చి వదిలేశాం.

ఇది అర్థం చేసుకున్న బడులు కొన్ని ఉన్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2003లో జైలు నడిపే షెరిఫ్ డిపార్ట్‌మెంటే కౌంటీ (మన జిల్లా లాంటిది) జైల్లో ఫైవ్ కీస్ అనే బడి మొదలెట్టింది, తర్వాత జైలు బయట కూడా సెంటర్లు తెరిచింది, లోపల మొదలెట్టినవాడు బయట అదే బడిలో కొనసాగొచ్చు. నార్వేలో ఇంకోలా, జైల్లో పాఠాలు చెప్పేది జైలు వాళ్ళు కాదు, బయట మామూలు బడి వాళ్ళే లోపలికొచ్చి చెప్తారు. ఖైదీల గురించి 2015లో ఐక్యరాజ్యసమితి ఒప్పుకున్న మండేలా నియమాల్లో 104వది కూడా అదే అడుగుతుంది, లోపలి చదువు దేశం చదువుతో కలిసిపోయి ఉండాలి, బయటికొచ్చాక ఇబ్బంది లేకుండా సాగాలి అని.

అవి నీకు దొరకలేదు. ఉన్నదాంతో చూద్దాం. పాసైన ఆ రెండు సబ్జెక్టుల కాగితం నీ చేతిలో ఉందా? లేకపోతే ఈ వారం పని అదొక్కటే, పుస్తకం తెరవొద్దు కూడా. కాగితం వచ్చాక దూరవిద్యలో మిగతా సబ్జెక్టుల్లో నీకు తేలికైనది ఒకటే కట్టు, మొత్తం ఒకేసారి కట్టకు. వారంలో రెండు రోజులు, ఒకే టైమ్, ఇంట్లో కాదు, ఏ లైబ్రరీలోనో ఎక్కడో, ఫోన్ ఎవరికన్నా ఇచ్చేసి. నీకు గోడ కావాలి, చిన్నదే చాలు, ఈసారి నువ్వే కట్టుకున్నది. నీ పాత టీచర్లకి ఉత్తరం రాయి, వాళ్ళకి తిరిగి రాసే వీలుంటుందో లేదో నాకు తెలీదు గానీ చదువుతారు, ఆ సంగతి నేను హామీ ఇస్తా. సబ్జెక్టు కట్టాక నాకూ ఒక ముక్క రాయి, ఏది కట్టావో.

ప్రశ్న: అప్పటి స్టూడెంట్లు బయట కనిపిస్తే మీరు పలకరిస్తారా మాస్టారూ?
- ఒక పాఠకురాలు

జవాబు: నేను ముందు పలకరించను. వాడి పక్కన పెళ్ళాం ఉండొచ్చు, ఓనరు ఉండొచ్చు, వాళ్ళకి ఏం చెప్పాడో ఏం చెప్పలేదో నాకేం తెలుసు. బస్సులో కనిపిస్తే కిటికీ వైపు తిరుగుతా, వాడు చూసి ఊరుకుంటే సరే. వాడే వచ్చి "సార్ బాగున్నారా" అంటే బోలెడు మాట్లాడతా, పక్కనున్నవాళ్ళు ఎవరండీ అంటే "మా స్టూడెంట్" అంటా. ఏ స్కూలు అని అడుగుతారు కొంతమంది. "నేను పనిచేసిన స్కూలే" అంటా.